చింతపండుతో తోమిన ఫ్రెంచి కుర్చీలు

గుప్పెడు చింతపండుతో నా ఖతార్ కొలువును నేనే ముంచుకోబోయిన వైనం చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇండస్ట్రియల్ ఏరియాలోని ఓ ఫర్నిచర్ వర్క్‌షాపులో పాలిష్ పనికి చేరి అప్పటికి మూడు నెలలు. పనంతా వచ్చేసిందని నమ్మడానికి సరిపడా కాలం. ఓ ఖతారీ పెద్దాయన ఇంటి నుంచి రెండు చేతుల కుర్చీలు వచ్చాయి. రెండు వందల ఏళ్లు దాటిన ఫ్రెంచి జతట. కోడిగుడ్డు ఆకారపు వీపు, దాని మీద చెక్కిన రిబ్బన్ ముడి, కిందికి పోనుపోను సన్నబడే నిటారు కాళ్లు, వాటి మీద నిలువునా చెక్కిన గాడులు, ఒళ్లంతా బంగారు పూత. మా ఫోర్‌మన్ మల్లన్నది జగిత్యాల, మాట తక్కువ మనిషి.

“కాళ్లు ఊగుతున్నయ్, బిగియ్. బంగారం జోలికి పోకు. పోయినవో, వీసా క్యాన్సల్ కొట్టి ఇంటికి పంపుతరు.”

కాళ్లు బిగించాను. కానీ బంగారం మసకబారి ఉంది. ఇంట్లో ఇత్తడి బిందె అలా ఉంటే మా అమ్మ ఊరుకునేదా? మేముండే లేబర్ క్యాంప్‌లో పచ్చిపులుసు కోసం దాచుకున్న చింతపండు తెచ్చి, నానబెట్టి, మొదటి కుర్చీ చెయ్యి తోమాను. బంగారం పోయి ఎరుపు తేలింది. తుప్పనుకున్నాను. చెక్కకు తుప్పేమిటని మీరడుగుతారు, నేనడగలేదు. ఇంకా గట్టిగా తోమితే సుద్ద తేలింది. దీనికి జబ్బు ముదిరిందని తేల్చి, రెండోదాన్ని అందుకున్నాను. అది తళతళలాడింది.

మల్లన్న వచ్చి చూసి, రంపపు పొట్టులో కూలబడ్డాడు. ఆ మధ్యాహ్నమే పెద్దాయన దిగాడు. మెరిసే కుర్చీని ముందుకు జరిపాను.

“బాబా, అది ఖరాబైంది. ఇది చూడుండ్రి, ఎంత మంచిగొచ్చిందో,” అని నాకొచ్చిన హిందీలో విన్నవించుకున్నాను.

ఆయన పాడైనదాన్ని ఒకసారి చూశాడు. మెరిసేదాన్ని చాలాసేపు చూశాడు. దీన్నీ అంతే గట్టిగా తోమావా అని అడిగాడు.

“ఇంకా గట్టిగ తోమిన.”

అప్పుడు ఆయనే విడమరిచాడు: పాతకాలంలో చెక్క మీద సుద్ద, దాని మీద ఎర్రమట్టి, ఆపైన బంగారు రేకు అద్దేవారట. తడిపి రుద్దితే అది లేచిపోతుందట. లేవలేదంటే నిన్నమొన్న వేసిన రంగేనట. జత అని చెప్పి అంటగట్టిన దుకాణదారుకు ఆయన అక్కడి నుంచే ఫోన్ చేశాడు. నాకు అరబ్బీ అంతగా రాదు, కానీ ఆ కోపం నా మీద కాదని మాత్రం అర్థమైంది.

“బతికినవ్ పో,” అన్నాడు మల్లన్న.

వారం తిరక్కుండా ఆయన ఇంటి నుంచి ఇంకో ఆరు బంగారు పూత కుర్చీలు దిగాయి. ఒక్కదాని కాలూ ఊగడం లేదు. మరి వీటికేం చెయ్యాలని మల్లన్న అడిగితే, చింతపండు మనిషికి చూపించమన్నారని డ్రైవరు చెప్పాడు.

ఆనాడే వర్క్‌షాపు సాక్షిగా ఒట్టేశాను: ఈ జన్మలో ఎవరి బంగారాన్నీ వాళ్లు అడగకుండా తోమను. అడిగితే మాత్రం, కుర్చీ అడుగున, గోరంత.