రెండోది

పాట మొదలయ్యే ముందు క్యాసెట్‌లో వచ్చే సుయ్‌మనే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఈ ఉదయం జగిత్యాలలోని మా ఇంట్లో, బాగుచేయించిన పాత టేప్‌రికార్డర్ మీట నొక్కగానే అదే చప్పుడు. వెంటనే పద్మక్క గుర్తొచ్చింది.

నేను కోరుట్ల హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో, బస్టాండు ఎదురుగా పద్మక్కకు పాటలు రికార్డు చేసే దుకాణం ఉండేది. మస్కట్‌లో పనిచేసే భర్త, ఊరికొచ్చేవాళ్లతో రాక్ పాటల క్యాసెట్లు పంపేవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని అక్క, ఒక్కో బృందం క్యాసెట్లు వచ్చిన వరుస ఆయన చీటీలో రాసి పంపితే, అది చూసి అట్టల మీద ‘మొదటిది’, ‘రెండోది’ అని తెలుగులో రాసుకునేది. నేను కాలేజీ ఎగ్గొట్టి మరీ అక్కడే పడి ఉండేవాణ్ణి.

ఒకరోజు ఒకే బృందానివి రెండు క్యాసెట్లూ వరుసగా వినిపించింది. మొదటిదాంట్లో గిటార్లు గంతులేశాయి. రెండోదాంట్లో ఒక పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోయి, ఆ గాయకుడు ఒక్కడే ఊపిరి తీసుకుని పాడాడు. మాట అర్థం కాకపోయినా నేను నిశ్చేష్టుణ్ణయ్యాను. అదే మనిషి ఇంతలా ఎలా మారాడని అడిగితే, అక్క లోపలికెళ్లి మరో రెండు క్యాసెట్లు తెచ్చి చూపించింది. అవి పాటలవి కావు, ఆమె భర్త మాటలవి. అప్పట్లో గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉత్తరానికి బదులు తమ గొంతే రికార్డు చేసి పంపేవాళ్లు.

“మొదటిదాంట్ల మంచిగున్న, రంది పెట్టుకోకు అన్నడు తమ్మీ. రెండోదాంట్ల ఏడ్సిండు. గప్పుడే గాయన నాకు సమజైండు. గీ పాటగాళ్లు గూడ గంతే,” అంది.

సంగీతం గురించి ఆ తర్వాత చాలా చదివాను. ఇంతకు మించిన మాట ఎక్కడా దొరకలేదు.

ఏళ్ల తర్వాత, నేను పాడే మా రాక్ బృందం మొదటి ఆల్బం వచ్చింది. అందరూ మెచ్చుకుంటుంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు. సిరిసిల్లలో కూతురి దగ్గర ఉంటున్న పద్మక్కకు తీసుకెళ్లి వినిపించాను. కళ్లు మూసుకుని అన్నీ విని, మా నాయన ఎట్లున్నాడని అడిగింది. బాగున్నాడన్నాను. నిజానికి సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపీ నడిపీ నాయన చెవులు పోయాయి. నా పాట ఒక్కటీ ఆయన వినలేదు. ఆ బాధ చెబితే పాటల్లో హుషారు పోతుందని నేనే దాచాను. అదే ఊళ్లో ఉంటున్న అక్కకు అంతా తెలుసు.

“మంచిగ పాడినవు తమ్మీ. గిది మొదటిది,” అంది, అంతే.

సిగ్గుతో చచ్చిపోయాను. రెండోదీ అలాగే హుషారుగా ఉండాలని మావాళ్లు పట్టుబట్టారు. నేను వినలేదు. ఇద్దరు బృందం వదిలి వెళ్లిపోయారు. అది పూర్తయ్యేలోపే పద్మక్క కన్నుమూసింది. ఆమెకు వినిపించలేకపోయానన్న దిగులు నన్ను ఇంకా వదల్లేదు.

ఆ రెండో ఆల్బాన్నే ఈ ఉదయం క్యాసెట్‌లోకి ఎక్కించాను. మొదటి పాట సాంచ చప్పుడుతో మొదలవుతుంది. నాయనను పక్కన కూర్చోబెట్టి, ఆయన అరచేతిని స్పీకర్ మీద పెట్టాను. కాసేపటికి సాంచ నడుస్తున్నదని తనలో తనే అనుకున్నాడు. తర్వాత అన్నీ ఆగిపోయి నా గొంతు ఒక్కటే మిగిలే చోటు వచ్చింది. అక్కడ నాయన చెయ్యి తీయలేదు. నా వైపు తిరిగాడు.

“గిది నువ్వేనా కొడుకా?”

తల ఊపాను. పాట అయిపోయాక క్యాసెట్ బయటికి తీసి, అట్ట మీద తెలుగులో ‘రెండోది’ అని రాశాను.