కారవాన్ల వెనక గాలి

నిన్న పొద్దున ఫిల్మ్‌నగర్ సందులో టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్ మోగింది. ఇమ్మానుయేలు భార్య కరుణ.

"బాబాయ్... పోయిండు."

అంతే. ఫోన్ పెట్టేసింది.

టీ మీద మీగడ కట్టేదాకా అక్కడే నిలబడిపోయాను.

మా ఇమ్మానుయేలు లేడు. రహమత్ నగర్ ఇమ్మానుయేలు. మూడు రోజులు ఐసీయూలో ఉన్నాడు. లేస్తాడనే అనుకున్నాను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. స్టంట్ మాస్టర్ల దగ్గర తాళ్లు కట్టే పనితో మొదలుపెట్టి, కైట్ సర్ఫింగ్ డూప్ అయ్యాడు. కాళ్ల కింద పలక. నడుముకు తాళ్లు. తాళ్ల చివర ఒక గది అంత గాలిపటం. గాలి లాగితే నీళ్ల మీద పరుగు.

తెర మీద మీరు విజిల్ వేసింది హీరోని చూసి. నీళ్ల మీద ఉన్నది ఇతను.

నా సంగతి మీకు తెలుసు. నలభై ఏళ్లు షూటింగుల్లో పెద్ద ఫ్యాన్ తిప్పినవాణ్ని. ఏ హీరోయిన్ పైట ఎగిరినా వెనక నేనే. ఒకసారి తుఫాను సీన్‌లో విలన్ విగ్గు లేచి వెళ్లి కెమెరామన్ ఒళ్లో పడింది. అతను పిల్లి అనుకొని...

వద్దులెండి. ఈ రోజు ఆ కథ రావడం లేదు.

అతను నాకు పరిచయమైంది జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా టెర్రస్ మీద. పాట తీస్తున్నారు. గాలి ఎటు వీస్తోందో చూడటానికి వేలికి ఎర్ర రిబ్బన్ కట్టుకొని, సరిగ్గా నా ఫ్యాన్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తప్పుకో నాయనా! అక్కడ ఆవిడ జుట్టు చెదిరిపోతోంది."

"నేనీడ నిలబడితే గంత దూరంల చెదురుతదా బాబాయ్?"

"చెదరదా మరి? గాలికి ఏది అడ్డమొచ్చినా దాని వెనకంతా పిచ్చి గాలే."

పగలబడి నవ్వాడు. "గదే నేను జెప్తే ఒక్కడు ఇనడు!"

ఆ రోజు నుంచి స్నేహం. నేను గాలి తయారుచేసేవాణ్ని, అతను గాలిని చదివేవాడు.

ఇప్పుడీ సినిమా. గోదావరి మీద కైట్ సీన్. ఇమ్మానుయేలు వారం ముందే వెళ్లి, ఒడ్డున రిబ్బన్ పట్టుకొని నాలుగు రోజులు కూర్చొని వచ్చాడు. ప్రొడక్షన్ ఆఫీసులో కుర్ర అసిస్టెంట్ డైరెక్టర్, ఎవరు ఎన్నింటికి రావాలో కాల్ షీట్ రాసుకుంటూ అడిగాడు.

"గాలి పొద్దున ఏడుకల్లా వచ్చేస్తుందా అన్నా?"

"రాదు తమ్మీ. రెండు దాటినంకనే వస్తది. దానికి మేకప్ గూడ ఉండదు, జల్దీనే రెడీ."

ఆఫీసంతా నవ్వాం. ఆ అబ్బాయి మాత్రం నిజంగానే రాసుకున్నాడు. గాలి, రెండు గంటలు.

నాతో మాత్రం సీరియస్‌గా చెప్పాడు. "ఏటి పొడుగునా కింది నుంచి పైకి కొడ్తది బాబాయ్. మలుపు కాడ ఒక్క చెట్టు లేదు, సాఫ్ గాలి. ఒడ్డున రాతికట్ట ఒక్కటే డేంజర్."

రిటైరైనా, ఇంకో సీన్‌కి ఫ్యాన్ కావాలంటే నేనూ వెళ్లాను.

షూటింగ్ రోజు రెండింటికి గాలి వచ్చింది. కాల్ షీట్ తప్పలేదు.

కానీ ఆ మలుపులోనే, కట్ట మీద, వరసగా కారవాన్లు, నటులు సేదదీరే పెద్ద ఏసీ బస్సులు. హీరోకి నది కనిపించాలని ఎవరో అక్కడ పెట్టించారు. సరిగ్గా గాలి వచ్చే దారిలో.

ఇమ్మానుయేలు రిబ్బన్ పైకెత్తి చూశాడు. అది ఒకసారి ఎగిరి, ఒకసారి వేలాడి, గిరగిరా తిరిగింది.

"బాబాయ్, గవి పక్కకు జరపాలె. నువ్వు పెద్దోనివి, నిన్నేమనరు. జర పోయి తలుపు కొట్టు."

వెళ్లాను. మెట్టు మీద హీరోగారి మనిషి కూర్చొని ఉన్నాడు. నోటి మీద వేలు పెట్టి, "సార్ పడుకున్నారు" అన్నాడు.

మన దగ్గర ఆ మాట తర్వాత ఇంక మాట ఉండదు. పడుకున్న హీరోని లేపిన వాడికి మరుసటి రోజు పని ఉండదని ప్రతి ఒక్కరికీ తెలుసు.

తలుపు మీదికి ఎత్తిన చేయి దించేశాను.

తిరిగి వచ్చి, "అడిగాను నాయనా, కుదరదన్నారు" అన్నాను.

అడగలేదు.

అడగలేదని చెప్పి ఉంటే తనే వెళ్లేవాడు. తనే కొట్టేవాడు. అతనికి ఆ భయం లేదు.

"సరే తియ్. జర దూరంకెళ్లి పోతా" అన్నాడు.

కెమెరా వాళ్లు దగ్గరికి రమ్మన్నారు. మూడో టేక్‌లో కారవాన్ల వెనక్కి రాగానే కైట్ మెత్తబడి కిందికి జారింది. మరుక్షణం గాలి నిండి ఒక్క గుంజు గుంజింది.

రాతికట్ట.

అంబులెన్స్‌కి దారి కావాలి. నాలుగు నిమిషాల్లో కారవాన్లన్నీ పక్కకు జరిగాయి. నలభై ఏళ్లు గాలికి అడ్డం రావద్దని లోకానికి చెప్పినవాణ్ని, చూస్తూ నిలబడ్డాను.

తర్వాత కారవాన్ డ్రైవర్, బోరబండ యాదగిరి, నా పక్కనొచ్చి కూర్చున్నాడు.

"నన్నడిగితే జరుపుదును గద బాబాయ్. సార్ రోజూ బండి నడుస్తుంటెనే పండుకుంటడు. ఇప్పుడు జరిపినా లేవలే."

ఇది పోస్ట్ చేసే ముందు ఈ పొద్దున కరుణ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఆస్పత్రిల ఒక్కపారి తెలివొచ్చింది బాబాయ్. 'బాబాయ్ని ఏమనకు, పాపం పోయి అడిగిండు, ఆళ్లే జరపలే' అన్నడు."

నా అబద్ధాన్ని నమ్మి, నన్ను వెనకేసుకొచ్చి వెళ్లిపోయాడు.

ఇమ్మానుయేలూ, నేను అడగలేదు నాయనా.

నువ్వు వెళ్లిన చోట గాలి సాఫ్‌గా ఉండాలి. హాయిగా పడుకో. నిన్నెవరూ లేపరు.