కోతల పండుగకు వచ్చిన స్టీరింగ్

మా చర్చి సంఘంలో ఎడ్విన్‌ని ఆటపట్టించనివాళ్ళు లేరు, నాతో సహా. కాశీబుగ్గలో అతని మెకానిక్ షెడ్డు వెనక, టార్పాలిన్ కింద ఒక పాత ఎస్టీమ్ కారు ఉండేది. దాన్ని రేసు కారు చేస్తానని ఏళ్ళ తరబడి దాని చుట్టూనే తిరిగాడు. బోల్తా పడినా నడిపేవాడికి ఏమీ కాకుండా లోపల ఇనుప గొట్టాలతో పంజరం కట్టాడు. ఇంజన్ విప్పి బలం పెంచాడు. తయారుచేయడం తన వంతు, నడపడం బావ గిద్యోను వంతు. గిద్యోను ఎడ్విన్ అక్క హెలెన్ భర్త, లారీ డ్రైవరు. అతను బండి నడుపుతుంటే పక్కన కూర్చున్నవాడికి హాయిగా నిద్ర పట్టేది.

ఆ గిద్యోనుకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఆ మాట వినని గడప లేదు. డయాలసిస్‌కి తిరిగి తిరిగి మనిషి సగమైపోయాడు. ఎడ్విన్ మాత్రం కారు పని ఆపలేదు. విశాఖ నుంచి, బరంపురం నుంచి కుర్రాళ్ళొచ్చి సామాన్లు అమ్మమంటే కసిరి పంపేసేవాడు. సాయంత్రం బావ మంచం పక్కన కూర్చుంటే అవే కబుర్లు.

"బ్రేకులు మార్సీసినాను బావా. నువ్వు లెగిసీసరికి రెడీ అయిపోద్ది."

గిద్యోను తలూపేవాడు. వింటుంటే నాకు ఒళ్ళు మండేది. ఎవరిని మభ్యపెడుతున్నాడు వీడు?

కోతల పండుగకి మా చర్చికి ఎవరి పంట వాళ్ళు తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. ఒకసారి బల్ల మీద పెట్టాక అది దేవుడిది, ఊరికే వెనక్కి తీసుకోకూడదు. మొన్నటి పండక్కి కొబ్బరికాయల పక్కన హెలెన్ ఒక గుండ్రటి మూట పెట్టింది. సంఘ పెద్ద ఏసుబాబు విప్పి చూస్తే, కారు స్టీరింగ్. మొగుడు చెబితే తమ్ముడికి తెలియకుండా షెడ్డులోంచి విప్పించి తెచ్చింది.

"నాను పండించింది ఇదే," అన్నాడు గిద్యోను కుర్చీలోంచి.

ఎడ్విన్ ముఖం పాలిపోయింది. వేలం మొదలవగానే తనే పాడాడు. అతని మీద పాడడానికి ఎవరికి నోరొస్తుంది? అందరం తలలు దించుకున్నాం. ఏసుబాబు మూడోసారి అనబోతుంటే గిద్యోను చెయ్యెత్తాడు.

"నువ్వు పాడకురా. నానింక కారెక్కను. నానుండగానే అన్నీ అమ్మీయ్. నాను పోయాక నువ్వు ఆటిని ముట్టుకోలేవు."

ఎడ్విన్ కూర్చుండిపోయాడు. కాసేపటికి సోంపేట జీపు డ్రైవరు యువరాజు, తప్పు చేస్తున్నవాడిలా, పాట పెంచాడు. స్టీరింగ్ అతనిదయింది.

ఆ తర్వాత ఎడ్విన్ ఎవరినీ కసరలేదు. సీటు విశాఖ వెళ్ళింది, ఇంజన్ బరంపురం వ్యానెక్కింది. పంజరాన్ని తనే కోశాడు. అతను ఏడవలేదు. నాకే ఆగలేదు.

పంజరం కోసిన సాయంత్రం నేనూ అతనూ గిద్యోనుని చూడ్డానికి వెళ్ళాం. ఎడ్విన్ మంచం పక్కన కూర్చున్నాడు. చెప్పడానికి కారు కబుర్లేమీ మిగల్లేదు. బావ చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నీకు బయమేత్తందా?"

"ఏత్తందిరా," అన్నాడు గిద్యోను. "ఎప్పుడడుగుతావా అని సూత్తన్నాను."