ఏడు పేజీల మర్యాద

మా అత్తగారు నవల రాశారని ఊరందరికీ తెలుసు. చదివినవాళ్ళందరూ బాగుందన్నారు. ఆవిడ దిగులల్లా అదే.

"బాగుందండీ అంటారు, కాఫీ తాగుతారు, వెళ్ళిపోతారు. ఎక్కడ బాగులేదో ఒక్కరూ చెప్పరు. నన్నెరగని మనిషి ఎవరైనా చదివి చెబితే బాగుణ్ణు అమ్మాయ్," అనేవారు నాతో.

అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోట వ్యవహారమంతా ఆవిడదే. కాయల దింపు రోజున ఏ చెట్టు ఎక్కాలో, ఏది వదిలెయ్యాలో తనే నిలబడి చూపించేవారు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక వరండాలో చాప వేసుకుని రాసుకునేవారు. అలా నాలుగేళ్ళు రాశారు. వేలంలో రేవు పాట గెలుచుకుని, గోదావరి మీద పడవలు తనే నడిపించిన ఓ ఆడమనిషి కథ అది. ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. నేను ఇంగ్లీషు ఎమ్మే. బళ్ళో పాఠాలు చెబుతాను, సొంతంగా నాలుగు వాక్యాలు రాయాలంటే నాలుగు రోజులు మూలుగుతాను. ఆవిడంటే నాకు గౌరవంతో పాటు కొంచెం అసూయ కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

ఆ నవలని ఇంగ్లీషులోకి మార్చింది నేనే. రెండేళ్ళు పట్టింది. అమలాపురంలో వీధికో ఇంటర్నెట్ సెంటర్ వెలిసిన రోజులవి. పై దేశాల్లో లిటరరీ ఏజెంట్లని ఉంటారనీ, రచయిత తరఫున ప్రచురణకర్తల దగ్గరికి వెళ్ళేది వాళ్ళేననీ, వెబ్‌సైట్లో ఫారం నింపి మొదటి పది పేజీలు పంపితే చదువుతారనీ అక్కడే తెలిసింది.

"అంటే దళారీ అన్నమాట," అన్నారు అత్తగారు. "మంచిదే. కాయ ఊపి చూసి, పనికిరాకపోతే మొహమాటపడకుండా పక్కన పడేసేవాడే కావాలి నాకు."

ఓ శనివారం ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. ఫారంలో పేరూ ఊరూ అయ్యాక, నవల గురించి చెప్పమని ఒక గడి ఉంది. నేను నమస్కారంతో మొదలుపెట్టాను. వారి విలువైన సమయం తీసుకుంటున్నందుకు క్షమాపణ అడిగాను, కుశలం అడిగాను, మా కోనసీమ గురించి రాశాను, మా కుటుంబాన్ని పరిచయం చేశాను. తీరా కథలోని రేవు దగ్గరికొచ్చేసరికి అక్షరాలు పడడం ఆగిపోయింది. కీబోర్డు పాడైందని సెంటరాయన్ని పిలిచాను.

ఆయన చూసి, "ఆయ్, కీబోర్డు బాగానే ఉందండి. గడి నిండిపోయిందండి. వాళ్ళిచ్చిన జాగా అంతేనండి," అన్నారు.

రాసిందంతా తెలుగులో చెప్పమన్నారు అత్తగారు. చెప్పాను.

"కాళ్ళకి నీళ్ళిచ్చేవు, మంచినీళ్ళిచ్చేవు, భోజనం మాట మర్చిపోయేవు. కథేదమ్మా ఇందులో? అంతా చెరిపేసి నేను చెప్పింది రాయి. 'భర్త పెద్దకర్మ అయిన మర్నాడే ఆమె రేవు పాటకి వెళ్ళింది.'"

రాసిందంతా చెరిపేసి అది టైపు చేశాను. ఆ వాక్యం వెనక ఇంకో పది వాక్యాలు తడుముకోకుండా చెప్పారావిడ. కథంతా ఆ గడిలో పట్టేసింది, ఇంకా జాగా మిగిలింది. అప్పుడే నా నోటిదాకా ఓ మాట వచ్చింది. ఆవిడ నవల మొదట్లోనూ ఏడు పేజీల నమస్కారాలే ఉన్నాయి. గోదావరికి, ఊరికి, వంశానికి, పాఠకులకి. కానీ కోడల్ని, అత్తగారితో ఎలా అంటాను? ఆ మాట మింగేసి, మొదటి పది పేజీలూ ఉన్నవి ఉన్నట్టు పంపేశాను.

తొమ్మిది మందికి పంపాం. సగం మంది పలకలేదు. కొందరు, మీ రచన మా అభిరుచికి సరిపడదు, మీకు శుభం కలగాలి అని రాశారు. అత్తగారు ఒక్కొక్కటీ చదివించుకుని, "వీళ్ళూ మనవాళ్ళలాగే మర్యాదస్తులేనమ్మా," అని నీరసపడిపోయారు.

చివరికి ఒకావిడ దగ్గర్నుంచి నాలుగు వాక్యాల మెయిల్ వచ్చింది. సెంటర్లో ఆవిడ పక్కనే కూర్చుని, ముందు నాలో నేను చదువుకున్నాను. ఏదో సర్ది చెబుదామని నోరు తెరిచాను.

"ఉన్నదున్నట్టు చదువు," అన్నారు అత్తగారు.

చదివాను. 'కథ ఎనిమిదో పేజీలో మొదలైంది. ముందు ఏడు పేజీలు మీరు మీకోసం రాసుకున్నారు. ఎనిమిదో పేజీ నుంచి మాత్రం కదలకుండా చదివాను. అయినా దీన్ని నేను తీసుకోలేను.'

మళ్ళీ చదవమన్నారు. రెండోసారి విన్నాక ఆవిడ మొహం విప్పారింది. కాదన్నందుకు అంత సంతోషించిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఇంటికొస్తూనే రాతప్రతి తీసి, పై ఏడు కాగితాలూ లెక్కపెట్టి పక్కన పెట్టేశారు. నాలుగేళ్ళ కష్టంలోంచి అలా తీసి పెట్టడానికి ఎంత గుండె కావాలి. నాకైతే చెయ్యి ఆడదు.

అప్పుడు నావైపు తిరిగారు. "నీకు ముందే తెలుసు కదూ?"

"ఆయ్."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి చదివినప్పట్నుంచండీ."

కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. "ఇంట్లో ఉన్న మనిషిని వదిలేసి, సముద్రాల అవతల వెతుక్కున్నాను నేను," అన్నారు మెల్లిగా. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మిగిలిన కట్ట నా ముందుకి జరిపి, కూర్చోమన్నారు. ఎనిమిదో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆవిడ ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తున్నారు. ముప్పయ్యొకటో పేజీ దగ్గర ఆగాను.

"ఈ పెళ్ళి ఘట్టం ఇక్కడ బాగులేదు అత్తయ్యగారూ," అన్నాను.

"ఎందుకో చెప్పు," అన్నారావిడ, కళ్ళజోడు పెట్టుకుంటూ.