పేరు ముందు, చిలక తర్వాత

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే పట్టమ్మాళ్, ప్రతి జనవరి ఒకటిన సగంలో ఆగిన క్రాస్ స్టిచ్ గుడ్డలన్నీ మంచం మీద పరిచేది. చిలక ఏప్రిల్‌లో వచ్చే చిత్తిరై నెలకి, నెమలి దీపావళికి పూర్తవుతాయని మొగుడు సుబ్బురాజ్ ముందు ప్రకటించేది. మంత్రులు కూడా అంత ధీమాగా చెప్పరు.

గుడ్డ మూలన తన పేరు, సంవత్సరం కుట్టాకే ఆమె బొమ్మ మొదలుపెట్టేది. కారణం లేకపోలేదు. పెళ్లైన కొత్తలో ఆమె సగం కుట్టిన హంసను విరుదునగర్ వదిన పట్టుకుపోయి, మిగతాది ముగించి, తన పేరు వేసుకుంది.

చిక్కల్లా సంవత్సరంతోనే. బొమ్మ ఆ ఏడు పూర్తయ్యేది కాదు. పాత అంకె చూసి ఎవరైనా నవ్వుతారని, కొత్త ఏడు రాగానే అది విప్పి కొత్తది కుట్టేది. రెండువేల సంవత్సరం రాగానే అన్ని గుడ్డల మీదా నాలుగంకెలూ మారేసరికి, పాపం, చిత్తిరై దాకా తల ఎత్తలేదు.

"అమ్మా, చిలకకు ముక్కు ఎప్పుడు పెడ్తావు?" అంది కూతురు సత్యప్రియ.

"ఉండు పాపా, ముందు సంవత్సరం అంకెలు మార్చడం ముగిస్తా. చిలక యాడికి ఎగిరిపోతాది?"

ఇన్నేళ్లలో పట్టమ్మాళ్ మొదలుపెట్టిన వాటిలో పూర్తయి గోడెక్కింది ఒక్క హంసే. అదీ విరుదునగర్‌లో, వదిన పేరుతో.