అవ్వ తాళంచెవి ఇవ్వలేదు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. అయినా ఆ కార్తీకంలో వచ్చిన కోపం మాత్రం న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను (మా ఆయన ఒప్పుకోడు). పెళ్లయి ఏడో నెల. నేను కుప్పంలో నర్సుని, ఆయన సోమల దాటాక అడవిలో ఫారెస్టు ఉద్యోగి. ట్రాన్స్‌ఫర్ అడగమంటే, నాటిన మొక్కలు ఇంకా నిలదొక్కుకోలేదన్నాడు. పెళ్లాం నిలదొక్కుకోనక్కర్లేదా అని ఫోన్ పెట్టేశాను. రెండు నెలలు మాటల్లేవు. దసరాకి కూడా రాలేదు. సంసారం చేస్తాడో లేదో ఎదురుగా నిలదీసి తేల్చుకుందామని సెలవు పెట్టి బయల్దేరాను.

పుంగనూరులో బస్సు మారి, సోమలలో ఆటో ఎక్కి, అది దిగాక రెండు కిలోమీటర్లు బురదలో నడిచాను. సీతాఫలాలు చెట్లమీదే పగిలి ఉన్నాయి, మనిషి అలికిడి లేదు. అనాల్సినవన్నీ దారి పొడుగునా వల్లె వేసుకున్నాను. తీరా చూస్తే క్వార్టర్స్‌కి తాళం. ఆయనకి వంట చేసిపెట్టే అవ్వ అరుగు మీద అలసందకాయలు ఒలుస్తోంది. సారు అడవిలోకి పోయాడట, పొద్దు వాలితేగాని రాడట. నేను ఆయన భార్యని, తాళంచెవి ఇమ్మన్నాను. అట్లా చెప్పుకొని ఎవరైనా రావచ్చునంది. పెళ్లి ఫోటో చూపిద్దామంటే ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. నేను, సొంత మొగుడింటి ముందు, బతిమాలాను.

"మా సారు పెండ్లాం శానా కోపిష్టి అంట. నువ్వు సూస్తే ఇంత మెత్తగా మాట్లాడతాండావే" అంది అవ్వ.

ఇంకేముంది, ఆయన కోసం కుప్పం నుంచి మోసుకొచ్చిన తిట్లన్నీ ఆమె ముందు కుమ్మరించాను. (మధ్యలో ఊపిరికి ఆగితే మంచినీళ్ల చెంబు అందించింది.) అంతా విని, కొంగుముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"నువ్వేలేమ్మా. ఇంగ లోపలికి పో."

సాయంత్రం ఆయన వచ్చేసరికి నా దగ్గర ఒక్క తిట్టూ మిగల్లేదు. గుమ్మంలో నన్ను చూసి నిలబడిపోయాడు. నేను కోపిష్టినని అడవంతా చాటావా అని మాత్రం అడగగలిగాను. చొక్కా జేబులోంచి నలిగిన కాయితం తీశాడు. మదనపల్లెకి ట్రాన్స్‌ఫర్ కోరుతూ రాసిన అర్జీ నకలు. అర్జీ పంపి అప్పటికే నెలయిందట.

ఈ ముక్క ముందే చెప్పడానికేమని మళ్లీ మండిపడ్డాను.

"దినమూ సిగ్నల్ కోసరం ఆ కొండగుండు ఎక్కతానే ఉండా. నీ నంబరు సూసి, భయపడి దిగొచ్చేస్తాండా" అన్నాడు.

అంత కోపంలోనూ నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చాను.

తర్వాత నేనూ కుప్పం నుంచి మార్పించుకున్నాను, ఇప్పుడు మదనపల్లెలో ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆయన రోజూ ఆరింటికి వస్తాడు, నేను టీవీ మీద నుంచి చూపు కూడా తిప్పను. ఒక మనిషిని తిట్టడానికని అంత దూరం పడుతూ లేస్తూ వెళ్లిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడప్పుడూ బెంగగానూ ఉంటుంది.