ఎండపెట్టె మీద బాపమ్మ ముడి

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి కొత్తది ఏది వచ్చినా, మనిషైనా వస్తువైనా, ముందు మా నాయనమ్మ పరీక్ష దాటి రావాలి. నాయనమ్మను మేం బాపమ్మ అని పిలిచేవాళ్ళం. పాలు వస్తే వాసన చూసేది. ఉప్పు వస్తే నాలుక మీద వేసుకునేది. చుట్టం వస్తే ఎన్నాళ్ళు ఉంటాడో తెలుసుకోవడానికి అతని సంచి ఎత్తి బరువు చూసేది. అప్పటికే ఆమె కళ్ళకు పొరలు కమ్మి, మనుషులు మసక మసకగా కనబడేవాళ్ళు. "కండ్లు పోయినయి గని అనుమానం పోలే" అని మా అమ్మ చాటుగా అనేది. చాటుగా అన్న సంగతి కూడా బాపమ్మకు తెలిసిపోయేది.

ఆమె అనుమానానికి కారణం లేకపోలేదు. మేం సూరత్ వచ్చిన కొత్తలో ఒకాయన వచ్చి, పొగ రాని పొయ్యిలు కట్టిస్తానని చెప్పి, మా వరసలో ఉన్న మట్టిపొయ్యిలన్నీ పగలగొట్టించాడు. గొట్టాలు తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ వానాకాలమంతా మూడు ఇటుకల మీద వండుకున్నాం. అప్పటినుంచి మేలు చేస్తానని ఎవరు వచ్చినా, వెళ్ళేటప్పుడు ఏం పట్టుకుపోతారో చూడాలన్నది మా బాపమ్మ పట్టుదల.

సూరత్ శివార్లలో మేం దిగిన డిండోలిని ఇప్పుడు చూసినవాళ్ళకు అప్పటి డిండోలి చెబితే నవ్వుతారు. కంది చేల అంచున రేకులు కప్పిన గదుల వరస. అందులో సగం మాలాగే తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళు. కరెంటు మా నాన్న, అదే మా బాపు, పనిచేసే కార్ఖానాలో ఉండేది, మా గదుల్లో ఉండేది కాదు. పొయ్యిలోకి కందికంప, పత్తికట్టెలు ఏరుకొచ్చే పని నాది. చేతులు గీరుకుపోయేవి, అయినా అది నాకు కష్టమనిపించలేదు. పొద్దున బడి ఉండేది కాబట్టి.

నేను ఐదో తరగతిలో ఉండగా ఆ బడికే ముప్పు వచ్చింది. హోలీ దాటగానే అమ్మ కూడా కండెలు చుట్టే పనికి కార్ఖానాకు పోవాలని ఇంట్లో తేల్చేశారు. మరి మధ్యాహ్నం వంట ఎవరు చేయాలి? బాపమ్మను పొయ్యి దగ్గర కూర్చోబెట్టే ధైర్యం ఎవరికీ లేదు, అప్పటికే ఒకసారి ఆమె కొంగు అంటుకుంది. ఇక మిగిలింది నేనే. "పొల్ల సంతకం పెట్టుడు నేర్చింది, ఇగ చాలు" అన్నది బాపమ్మ. బాపు తల ఊపాడు. నేను నీళ్ళ డ్రమ్ము వెనక్కి వెళ్ళి నోట్లో గౌను అంచు కుక్కుకుని ఏడ్చాను. నాకు బడి అంటే అంత ఇష్టమని ఆ రోజే తెలిసింది.

మా పక్కగదిలో ఒక గుజరాతీ ఆవిడ ఉండేది. అందరూ ఆమెను బెన్ అనేవాళ్ళు, అంటే అక్క అని. చిన్నపిల్లలకు ఆటపాటలు చెప్పే బాల్వాడీ నడిపేది. నన్ను బడిలో వేయించింది ఆమే. నా సంగతి విని మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు బార్డోలీ వైపు నుంచి వచ్చే బస్సు దిగి, గోనెపట్టా చుట్టిన పెద్ద పెట్టెను నెత్తిన పెట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చింది. అక్కడి పల్లెల్లో ఏదో శిబిరం పెట్టి, కట్టెలు కొనలేని ఇళ్ళవాళ్ళను వాడి చూడమని ఊరికే ఇస్తున్నారట.

ఊరికే అన్న మాటతోనే బాపమ్మ నిటారుగా కూర్చుంది.

రేకు పెట్టె. లోపలంతా నల్లరంగు, పైన రెండు అద్దాల మూత, ఆ పైన ఎండను లోపలికి తిప్పే ఒక పెద్ద అద్దం. లోపల నాలుగు నల్ల డబ్బాలు. వాటిలో పప్పు, బియ్యం, నీళ్ళు పోసి పొద్దున ఎండలో పెడితే మధ్యాహ్నానికి అన్నం తయారవుతుందని బెన్ చెప్పింది. నిప్పు అక్కరలేదు, ఊదక్కరలేదు, కాపలా అక్కరలేదు. పిల్ల బడికి పోయి రావచ్చు. నేను ఆమె గుజరాతీని బాపమ్మకు తెలుగులో చెబుతున్నాను.

"ఎండకు పప్పు ఉడికితే, గీ ఎండల తిరిగే మన నెత్తులు ఎప్పుడో ఉడకాలె" అన్నది బాపమ్మ. చుట్టూ చేరిన ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. బెన్ నవ్వలేదు. ఒక్క మాట మాత్రం నాకు మూడుసార్లు చెప్పింది: "ఖోల్‌శో నహీ." తెరవొద్దు, మధ్యలో మూత తెరవొద్దు అని. అది నేను చెప్పగానే బాపమ్మ ముఖం మారిపోయింది. తెరవొద్దంటుందంటే లోపల ఏదో మతలబు ఉంటుందని ఆమె లెక్క. నన్ను పక్కకు పిలిచి, పెట్టె దగ్గరే కూర్చుని ఓ కన్నేసి ఉంచమన్నది. బెన్ చాటుగా వచ్చి డబ్బా మార్చిపెడుతుందేమో చూడాలట.

మర్నాడు బడికి సెలవు. పప్పు పెట్టి నేను కాపలా కూర్చున్నాను. నా బడి అంతా ఆ నల్లడబ్బాలో ఉంది. ఉడుకుతోందా లేదా? శబ్దం లేదు, పొంగు లేదు, ఆవిరి కూడా కనబడటం లేదు. బాపమ్మ మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. ఎవరూ చూడకుండా అద్దాల మూత ఎత్తాను. వేడి ముఖాన కొట్టింది. డబ్బా మూత తీసి చూస్తే పప్పు గట్టిగానే ఉంది. మూసేశాను. కాసేపటికి మళ్ళీ తీశాను. ఎన్నిసార్లు తీశానో గుర్తులేదు గాని, చివరికి వేళ్ళ కొసలు కాలి నోట్లో పెట్టుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం అందరి ముందూ డబ్బా తెరిచారు. బాపమ్మ ఒక పప్పుబద్ద పళ్ళ మధ్య పెట్టుకుంది. టక్కుమన్నది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. బెన్ ముఖం పాలిపోయింది. నా వైపు తిరిగి, మూత తెరిచావా అని అడిగింది. లేదన్నాను. భయంతో అన్నాను, సిగ్గుతో అన్నాను, ఎందుకన్నా అబద్ధం అబద్ధమే. ఆమె ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఇక వరసంతా అదే మాట. శిబిరంలో తనకూ ఇలాంటి పెట్టె ఇచ్చారని, తన ఇంట్లో రోజూ అందులోనే వండుతున్నానని బెన్ చెబుతుంది కదా, మరి అక్కడ ఎట్లా ఉడుకుతోంది? చాటుగా పొయ్యి మీద వండి పెట్టెలో పెడుతుందేమో చూసి రమ్మని బాపమ్మ నన్ను పంపింది. చక్కెర అడిగే వంకతో వెళ్ళాను. బెన్ గది వెనక ఉన్న పొయ్యి మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. పక్కనే టీ గిన్నె బోర్లించి ఉంది. ఆ గిన్నెను నేను చూశాను. చూసి కూడా, వచ్చి పొయ్యి వెచ్చగా ఉందని మాత్రమే చెప్పాను. అప్పటికి నాకే నమ్మకం కలిగింది, తప్పు నాది కాదని, బెన్‌దేనని. అలా అనుకుంటే మనసుకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

ఆ సాయంత్రం బాపమ్మను నీళ్ళ నల్లా దగ్గరికి నడిపించుకు వెళ్ళాను. ఎప్పుడూ నా మణికట్టు పట్టుకునే మనిషి, ఆ రోజు వేళ్ళు పట్టుకుని నడిచింది. తిరిగి వచ్చాక, ఇంకొక్కసారి పెట్టె పెడదాం, ఈసారి తన పద్ధతిలో అని వరసంతా చాటింపు వేసినట్టు చెప్పింది. దొంగను పట్టడానికే అనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

పొద్దున్నే తన మూట విప్పి, ఊరి నుంచి తెచ్చుకున్న నూలు కండె తీసింది. సూరత్ దారం జారిపోతుంది, దాని మీద ముడి నిలవదు అని ఆమెకు చిన్నచూపు. పప్పు, బియ్యం తన చేత్తోనే కడిగి పోసింది. అద్దాల మూత మూసి, పెట్టె చుట్టూ నూలుపోగు అటూ ఇటూ తిప్పి, తెగిన పోగును అతికే నేతముడి వేసింది. ఆ ముడిలో ఆమె మెలిక ఒకటి ఉంది. మా ఊళ్ళో అందరూ అతికిన పోగుల్లో కూడా తన ముడి ఏదో చేత్తో తడిమి చెప్పేదట. కళ్ళు లేకపోయినా విప్పని ముడిని, విప్పి మళ్ళీ వేసిన ముడిని ఆమె పోల్చుకోగలదు. "ఇప్పుడు గా బెన్ ముట్టినా, దేవుడు ముట్టినా నాకు ఎర్కయితది" అన్నది. పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుంది. పెట్టెను ఎండ వైపు జరపడం మాత్రమే నా పని.

వరసంతా వచ్చి చేరింది. బెన్ తన గుమ్మంలోనే నిలబడింది, దగ్గరికి రాలేదు. మధ్యలో ఒక మబ్బు అడ్డం వచ్చి చాలాసేపు కదలలేదు. నేను దాన్ని మనసులో తిట్టినన్ని తిట్లు ఎవరినీ తిట్టలేదు. మబ్బు పోయాక లోపలి అద్దానికి చెమట పట్టడం మొదలైంది. తెరవాలని నా చేతులు గుంజుకుపోయాయి. నూలుపోగు అడ్డంగా ఉంది, దాని పక్కన బాపమ్మ ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చి కొంచెం వాలాక బాపమ్మ ముక్కు ఎగబీల్చింది. ఎవరికీ వాసన తెలియకముందే ఆమెకు తెలిసింది. ముడి తడిమింది, రెండుసార్లు తడిమింది. "నాదే" అని, పంటితో కొరికి తెంపింది. డబ్బా మూత తీయగానే ఆవిరి లేచింది. పప్పు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే వెన్నలా మెదిగిపోయింది. అన్నం మెతుకు మెతుకుగా విచ్చుకుంది. బాపమ్మ ఉప్పు అడిగింది. కలుపుకుని రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, "రేపట్నుంచి పొల్ల బడికి పోతది" అన్నది. బాపు అప్పుడు కూడా తల ఊపాడు.

నేను ఎగిరి గంతేయాలి కదా. వేయలేకపోయాను. జనం చెదిరిపోయాక బాపమ్మ నన్ను దగ్గరికి పిలిచి, కుడిచెయ్యి అందుకుని, కాలి బొబ్బలెక్కిన వేళ్ళ కొసల మీద బొటనవేలితో మెల్లగా రాసింది.

"గా ముడి బెన్ కోసం ఏసిన్ననుకున్నవా బిడ్డా? నీ కోసం ఏసిన" అన్నది.

నిన్న నల్లా దగ్గరే ఆమెకు అంతా తెలిసిందన్నమాట. తిడుతుందేమో, బడి మాట వెనక్కి తీసుకుంటుందేమో అని భయపడ్డాను. ఆమె తిట్టలేదు. "పరాయోళ్ళ మీదనే అనుమానపడుడు అందరికి వస్తది. మనోళ్ళ మీద, మన మీద గూడ పడాలె. అప్పుడే అది అనుమానం, లేకుంటే వట్టి కడుపుమంట" అన్నది. అంతటితో ఆపలేదు. అప్పటికప్పుడు పోయి బెన్‌కు నా నోటితో చెప్పి రమ్మన్నది.

పది అడుగుల దూరం. అంత దూరం నేను జీవితంలో ఎప్పుడూ నడవలేదు. మూత తీసింది నేనే అని, పొయ్యి గురించి చెప్పింది కూడా నేనే అని తల వంచుకుని చెప్పాను. బెన్ నొసలు ముడిచింది. కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది, అది న్యాయమే. తర్వాత నా చెయ్యి తిప్పి చూసి, లోపలికి వెళ్ళి కొబ్బరినూనె తెచ్చి రాసింది. శిబిరంలో మొదటి రోజు తానూ మూడుసార్లు తెరిచిందని చెప్పింది. తన వేళ్ళూ కాలాయట.

ఆ పెట్టె మా ఇంట్లో చాలా ఏళ్ళు పనిచేసింది. వానాకాలంలో మూలన పడుకునేది, మబ్బు రోజుల్లో కంది కంపే దిక్కు. అయినా నా బడి ఆగలేదు. బాపమ్మ మాత్రం చివరిదాకా దాన్ని పూర్తిగా నమ్మలేదు. రోజూ ముక్కు పెట్టి వాసన చూశాకే తినేది.

ఇప్పుడు అదే డిండోలిలో మా మేడ మీద కరెంటు పలకలు బిగించారు. ఎండతోనే ఫ్యాను తిరుగుతుంది, టీవీ నడుస్తుంది. బిగించేవాళ్ళను నేను అడిగిన ప్రశ్నలకు వాళ్ళకు చెమటలు పట్టాయి, ఆ విషయంలో నేను బాపమ్మ మనవరాలినే. మొన్నామధ్య ఉన్నట్టుండి కరెంటు సగానికి పడిపోయింది. మోసం, నాసిరకం సరుకు అంటగట్టారని వాటిని బిగించిన పిల్లవాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు దులిపేశాను. "మాసీ, ఏక్ బార్ ఊపర్ దేఖ్‌లో" అన్నాడు పాపం, పిన్నీ ఒక్కసారి పైకెళ్ళి చూడు అని. ఫోన్ పెట్టేశాక నాకు తెలియకుండానే నా బొటనవేలు మిగతా వేళ్ళ కొసలను తడుముతోంది.

మోకాళ్ళు పట్టుకుని మేడ ఎక్కాను. పలకల మీద రెండు దుప్పట్లు చక్కగా పరిచి ఉన్నాయి. నాలుగు రోజులుగా ఉతికినవన్నీ అక్కడ ఆరేస్తున్నది నేనే.

దుప్పట్లు తీసి తీగ మీద వేశాను. కిందికి దిగేదాకా కూడా ఆగలేదు. మెట్ల మీదే కూర్చుని ఆ పిల్లవాడికి ఫోన్ చేసి, తప్పు నాదే నాయనా అని చెప్పాను.